దూరపు గురికి ఏ బోరు? రైఫిలు గుండు వెనుక భౌతికశాస్త్రం

ఖరగ్‌పూర్ రైల్వే ప్లాట్‌ఫారం పొడవెంత అని గోల్‌బజార్‌లో పుట్టి పెరిగిన ఏ తెలుగు కుర్రవాణ్ణి అడిగినా తడుముకోకుండా చెబుతాడు: 1072 మీటర్లు, ఆ పైన అర మీటరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఊరి గొప్పల్లో అది మొదటిది. ప్రపంచంలోనే పొడవైన ప్లాట్‌ఫారం అన్న కిరీటాన్ని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి పట్టుకుపోయాయి. అయినా కిలోమీటరు దూరం ఎంత ఉంటుందో కళ్లతో చూసి, కాళ్లతో కొలిచి తెలుసుకోవడానికి అంతకంటె మంచి కొలబద్ద సామాన్యుడికి దొరకదు. ఈ వ్యాసంలో దాన్నే కొలబద్దగా వాడుకుందాం.

విదేశీ వేట కార్యక్రమాలు చూసేవారికీ, అమెరికాలో స్థిరపడిన బంధువుల వేట కబుర్లు వినేవారికీ ఒక సందేహం తరచు కలుగుతుంది. అయిదారు వందల మీటర్ల దూరాన నిలబడిన జింకను కొట్టాలంటే ఏ బోరు రైఫిలు కావాలి? లావు గుండు మంచిదా, సన్న గుండు మంచిదా? బరువు ముఖ్యమా, వేగం ముఖ్యమా?

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మన దేశంలో జింకను వేటాడటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను చాలావరకు కట్టడి చేసింది. 1991 సవరణ లైసెన్సు మీద సాగే వేటకు కూడా తలుపు మూసింది. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అలాంటప్పుడు ఈ చర్చ ఎందుకు? బ్రిటన్, అమెరికా, న్యూజీలాండ్ వంటి దేశాల్లో జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి చట్టబద్ధంగా వేట సాగుతున్నది. మన దగ్గర కూడా పంటలు పాడుచేసే అడవిపందుల మీద, నీల్‌గాయిల మీద ప్రభుత్వ అనుమతితో తుపాకులు ఎక్కుపెట్టిన సందర్భాలున్నాయి. అక్కడ బోరు విషయంలో పొరపాటు జరిగితే, దూరం విషయంలో అంతకంటె పెద్ద పొరపాటు జరిగితే, జంతువు వెంటనే చావదు. కాలు విరిగో, పేగులు చిరిగో పొదల్లోకి పారిపోయి రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. కనుక ఇది కేవలం కుతూహలపు ప్రశ్న కాదు.

బోరు అంటే ఏమిటి?

తుపాకీ గొట్టం లోపలి వ్యాసమే బోరు. కాని ఆ వ్యాసాన్ని పిలిచే పద్ధతులు మాత్రం ఒక దారిన లేవు. పల్లెల్లో పంటకాపలాకు వాడే పన్నెండు బోరు తుపాకీ సంగతే చూడండి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళాలుగా పోస్తే ఒక్కొక్క గోళం ఎంత లావుంటుందో, గొట్టం అంత లావుంటుందని దాని అర్థం. సీసం సాంద్రత తెలిసిన విద్యార్థి ఎవరైనా లెక్క కట్టి చూడవచ్చు: 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ పద్ధతిలో సంఖ్య పెరిగితే గొట్టం సన్నబడుతుంది.

రైఫిలుకు వచ్చేసరికి అంగుళంలో భాగాలుగా చెబుతారు. పోలీసుల చేతుల్లో చిరకాలం కనిపించిన త్రీనాట్‌త్రీ అంటే 0.303 అంగుళం, సుమారు 7.7 మిల్లీమీటర్లు. అయితే గుండు వ్యాసం 0.311 అంగుళం! ఈ తేడా ఎక్కడిది? రైఫిలు గొట్టం లోపల మరమేకు బిళ్లలో లాగా మెలికలు తిరిగిన గాడులుంటాయి. గాడులకు నడుమ ఉబ్బెత్తుగా మిగిలిన గట్ల మధ్య దూరం 0.303. గుండు గాడుల అడుగు దాకా నిండాలి కనుక కాస్త లావుగా ఉంటుంది. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ నరభక్షకిని మట్టుపెట్టినందుకు బహూకరించిన రిగ్బీ రైఫిలు పేరులో ఉన్నది 0.275 అంగుళం, అందులో పట్టే గుండు 0.284 అంగుళం. జర్మనులు అదే తూటాను 7 మిల్లీమీటర్ల మౌజర్ అన్నారు. అమెరికా వాళ్ల థర్టీ-నాట్-సిక్స్‌లో "నాట్-సిక్స్" వ్యాసమే కాదు, 1906 అనే సంవత్సరం. కాబట్టి పేరును చూసి గుండును ఊహించడం మంచిది కాదు.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. రెండు రైఫిళ్ల బోరు ఒకటే అయినంత మాత్రాన వాటి శక్తి ఒకటి కాదు. గుండు వెనుక ఇత్తడి తొడుగులో ఎంత మందు పట్టిందన్నది కూడా చూడాలి. పాయింట్ 308, థర్టీ-నాట్-సిక్స్, పాయింట్ 300 విన్చెస్టర్ మాగ్నమ్ ఈ మూడింటిలో గుండు లావు ఒకటే. మందు మోతాదులు వేరు కనుక వేగాలు వేరు.

గొట్టంలో మిల్లీసెకను

గుర్రం నొక్కగానే మేకు తూటా అడుగునున్న టోపీని కొడుతుంది. టోపీలోని మెరుపు మందును అంటుకుంటుంది. మందు పేలదు, అతివేగంగా కాలుతుంది. ఆ వాయువుల పీడనం నేటి రైఫిళ్లలో వాతావరణ పీడనానికి సుమారు 4000 రెట్లకు చేరుతుంది. గుండు ఒకటి రెండు మిల్లీసెకనుల్లో గొట్టం దాటి బయటపడుతుంది.

ఉదాహరణకు ఇటీవల దూరపు గురికి బాగా పేరుపొందిన 6.5 క్రీడ్‌మోర్ తూటాను తీసుకుందాం. 2007లో వచ్చింది. గుండు బరువు 9.3 గ్రాములు, గొట్టం మూతి వద్ద వేగం సెకనుకు సుమారు 823 మీటర్లు. బళ్లో చదువుకున్న సూత్రంలో, ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణిస్తే, గతిశక్తి దాదాపు 3100 జౌళ్లు వస్తుంది. యాభై కిలోల సిమెంటు బస్తాను రెండంతస్తుల ఎత్తుకు లేపడానికి ఇంత శక్తి సరిపోతుంది.

ఆ గొట్టంలో గాడులు ప్రతి 20 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతాయి. 823 మీటర్లను 20 సెంటీమీటర్లతో భాగిస్తే సెకనుకు నాలుగువేల పైచిలుకు చుట్లు! మన ఇంటి పంకా సెకనుకు అయిదారు చుట్లు తిరుగుతుంది. ఈ భ్రమణమే గుండు ముక్కును ముందుకు నిలిపి ఉంచుతుంది. బొంగరం తిరిగినంతసేపు పడిపోనట్టే పొడవాటి గుండు కూడా తిరిగినంతసేపు పల్టీ కొట్టదు. గుండు ఎంత పొడవైతే అంత వడి తిప్పుడు కావాలి.

అసలు శత్రువు గాలి

గుండు గమనం అనగానే అందరికీ గురుత్వాకర్షణ గుర్తుకొస్తుంది. నిజానికి గుండుకు పెద్ద శత్రువు గాలి. పైన చెప్పిన గుండు బయల్దేరిన మొదటి వంద గజాల్లో సెకనుకు 43 మీటర్ల వేగాన్ని పోగొట్టుకుంటుంది. లెక్కవేస్తే దాని మీద గాలి కలిగించే ప్రతిత్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 40 రెట్లు! ఇది సన్నని మొనతో గాలిని చీల్చడానికే తయారైన గుండు విషయం. మొద్దుమొన గుండు గతి ఇంకా అన్యాయం.

గాలి నిరోధం గుండు అడ్డుకోత వైశాల్యం మీద, ఆకారం మీద, వేగవర్గం మీద ఆధారపడుతుంది. ఆ నిరోధాన్ని తట్టుకునేది గుండు ద్రవ్యరాశి. అందువల్ల అడ్డుకోతలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల బరువుందన్నది కీలకం. మన 6.5 గుండుకు అది సుమారు 26 గ్రాములు. పాయింట్ 308 లో వాడే 9.7 గ్రాముల గుండు చూడటానికి లావు, తూకానికి కొంచెం బరువు. కాని చదరపు సెంటీమీటరుకు 20 గ్రాములే. అందుకే సన్నదైనా పొడవైన గుండు దూరం వెళ్లేకొద్దీ లావు గుండును దాటిపోతుంది. లావుగా ఉన్నదే దెబ్బలాడుతుందని మన పెద్దల నమ్మకం. దగ్గరి దూరాల్లో అది కొంత నిజమే. దూరాన మాత్రం గాలి దాన్ని తలకిందులు చేస్తుంది.

ఈ సంగతి స్వీడన్ వాళ్లకు 1894 నాటికే తెలుసనుకోవాలి. వాళ్ల 6.5 మిల్లీమీటర్ల సైనిక తూటాతో స్కాండినేవియాలో దుప్పి కంటె ఎంతో పెద్దదైన మూస్‌ను నేటికీ వేటాడుతున్నారు.

ప్లాట్‌ఫారం మీద లెక్క

ఇప్పుడు ఊహలో ప్లాట్‌ఫారం ఒక కొసన నిలబడదాం. గొట్టాన్ని నేలకు సమాంతరంగా పట్టి గుండు వదిలితే ఏమవుతుంది? గుండు ఎంత వేగంతో పోతున్నా సరే, చేతిలోంచి జారిన మామిడిపండులాగే అది మొదటి క్షణం నుంచీ కిందికి పడుతూనే ఉంటుంది. ఎంత పడుతుందన్నది ఎంతసేపు గాలిలో ఉందన్నదాని మీదే ఆధారం.

6.5 గుండు వంద మీటర్ల వద్ద సుమారు 8 సెంటీమీటర్లు పడుతుంది. రెండు వందల వద్ద 32, మూడు వందల వద్ద 75 సెంటీమీటర్లు. నాలుగు వందల దగ్గర 1.4 మీటర్లు; అయిదు వందల దగ్గర, అంటే ప్లాట్‌ఫారం సగానికి కొంచెం ఇవతల, 2.3 మీటర్లు. అవతలి కొసకు చేరేసరికి 15 మీటర్ల పైచిలుకు, అయిదంతస్తుల మేడ ఎత్తు. దూరం రెట్టింపయితే పడటం రెట్టింపు కాదు, నాలుగింతలు దాటుతుంది. కాలవర్గాన్ని బట్టి పడటం ఒక కారణం. దారి పొడవునా గుండు నెమ్మదించడం రెండో కారణం.

"దూరం తెలిస్తే అంత పైకి గురిపెడితే సరిపోతుంది కదా!" అని పాఠకులు అడగవచ్చు. నిజమే. దూరదర్శినిలోని మర తిప్పి వేటగాళ్లు చేసే పని అదే. చిక్కల్లా దూరం కచ్చితంగా తెలియాలి. మూడు వందల మీటర్లని గురి సరిచేసుకున్నాక జింక నిజంగా 350 మీటర్ల వద్ద ఉన్నదనుకోండి. గుండు 15 సెంటీమీటర్లు దిగువన తగులుతుంది. అయిదు వందలనుకున్నది 550 అయితే? ఇదే యాభై మీటర్ల తప్పుకు గుండు 35 సెంటీమీటర్లు దిగజారుతుంది. చుక్కల జింక రొమ్ములో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు ఒక చిన్న పళ్లెమంత. 15 సెంటీమీటర్ల తప్పుకే గురి ఆ చోటు అంచుకు జారుతుంది. 35 సెంటీమీటర్ల తప్పుకు తగిలేది కాలికి, లేదా అసలు తగలదు.

లేసర్ దూరమాపకాలు వచ్చాక దూరపు అంచనాలో తప్పు చాలా తగ్గిందన్న మాట ఒప్పుకోవాలి. తగ్గనిది మరొకటుంది.

పక్కగాలి

గుండు దారికి అడ్డంగా గాలి వీస్తే అది ఎంత పక్కకు జరుగుతుంది? దీనికి ఒక అందమైన లెక్క ఉంది. గాలి నిరోధమే లేకపోతే గుండు లక్ష్యానికి ఎంత సేపట్లో చేరేదో, నిజంగా ఎంత సేపట్లో చేరిందో చూడండి. ఆ రెంటికీ ఉన్న తేడాను పక్కగాలి వేగంతో గుణిస్తే పక్కకు జరిగిన దూరం వస్తుంది. అంటే గుండు గాలిలో ఉన్న మొత్తం కాలం కాదు, గాలి వల్ల ఆలస్యమైన కాలమే లెక్కకు వస్తుందన్నమాట.

6.5 గుండుకు మూడు వందల మీటర్ల ప్రయాణం 0.40 సెకను, నిరోధం లేకుంటే 0.365 పట్టేది. తేడా 0.035. గంటకు 16 కిలోమీటర్ల చిరుగాలి, సెకనుకు 4.5 మీటర్లు, వీస్తుంటే గుండు 15 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అయిదు వందల వద్ద అదే గాలికి 45 సెంటీమీటర్లు! జెండా కాస్త రెపరెపలాడే గాలి అది, తుపాను కాదు. పైగా దారి పొడవునా గాలి ఒకే తీరుగా వీస్తుందన్న హామీ లేదు. ఇవతల చెట్లు కదలవు, అవతల గడ్డి వంగి ఉంటుంది. ఈ గాలిని కొలిచే పరికరం వేటగాడి చేతి దగ్గర ఉంటుంది కాని దారి మధ్యలో ఉండదు.

మే నెల మధ్యాహ్నం ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం కొసనుంచి చూసినవారికి మరో ఇబ్బంది కూడా తెలుసు. అవతలి కొసనున్న సిగ్నల్ స్తంభం నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. వేడి నేలమీది గాలి పొరల్లో కాంతి వంగడమే ఇందుకు కారణం. ఎంత మంచి దూరదర్శిని పెట్టినా ఆ ఊగిసలాట కూడా దానితోపాటే పెద్దదవుతుంది.

కాలం మాట ఒకటి మిగిలింది. ప్లాట్‌ఫారం చివరికి గుండు చేరడానికి దాదాపు 1.9 సెకన్లు పడుతుంది. మేస్తూ నడిచే జింక ఆ వ్యవధిలో రెండు మీటర్లు ముందుకు పోగలదు. తుపాకీ చప్పుడు గుండు కంటె వెనుక వస్తుంది కనుక జింక బెదరదని కొందరు వాదిస్తారు. బెదరనక్కరలేదు, తల వంచి ఇంకో గడ్డి పరక కోసం అడుగు వేస్తే చాలు.

దెబ్బ ఎలా పనిచేస్తుంది?

గుండు తగలగానే జంతువు ఎగిరి అంత దూరాన పడటం సినిమాల్లో చూస్తుంటాం. అది సాధ్యమా? ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం చెబుతుంది. 9.3 గ్రాముల గుండు సెకనుకు 823 మీటర్ల వేగంతో 75 కిలోల చుక్కల జింకలో ఇమిడిపోయిందనుకుందాం. జింకకు వచ్చే వేగం సెకనుకు పది సెంటీమీటర్లు. చేత్తో తోసినంత కూడా కాదు. జంతువు పడిపోయేది తోపుకు కాదు. గుండు లోపల చేసిన గాయానికి నెత్తురు పోయి, మెదడుకు ప్రాణవాయువు అందక పడిపోతుంది. రెండు ఊపిరితిత్తులు చిరిగితే కొద్ది సెకన్లలో స్పృహ తప్పుతుంది. పొట్టలో తగిలితే గంటలు పడుతుంది.

అందుచేత గుండు లోపలికి వెళ్లాక పువ్వులా విచ్చుకొని లావు కావాలి. ఈ విచ్చుకునే గుండు చరిత్ర మన కలకత్తా పొలిమేరల్లోనే మొదలైంది. 1890ల్లో వాయవ్య సరిహద్దు పోరాటాల్లో త్రీనాట్‌త్రీ గట్టి తొడుగు గుండ్లు మనిషిలోంచి సూదిలా దూసుకుపోతున్నాయే గాని ఆపడం లేదని సైన్యం ఫిర్యాదు చేసింది. డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ-క్లే మొన దగ్గర తొడుగు తీసి సీసం బయటికి కనిపించే గుండును తయారు చేయించాడు. ఆ ఊరి పేరే ప్రపంచంలో అటువంటి గుండ్లన్నిటికీ పేరైంది. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో వాటి వాడకాన్ని నిషేధించింది.

విచిత్రమేమిటంటే, యుద్ధంలో అమానుషమని తోసేసిన గుండునే జింకల వేటలో చట్టం తప్పనిసరి చేస్తున్నది. ఇంగ్లండులో జింక మీద మెత్తని మొన లేదా బోలు మొన గుండే వాడాలి. గట్టి తొడుగు గుండు సన్నని రంధ్రం చేసి దాటిపోతే జంతువు నెమ్మదిగా చస్తుందని దాని తర్కం. రెండు చట్టాలూ బాధ తగ్గించాలనే చూస్తున్నాయి. ఒకచోట గాయపడినవాడు బతకాలని, మరొకచోట గాయపడినది త్వరగా చావాలని.

గుండు విచ్చుకోవడానికి కనీస వేగం కావాలి. నేటి గుండ్లలో చాలావాటికి అది సెకనుకు 500-600 మీటర్లు. 550 అనుకుంటే మన 6.5 గుండు 600 మీటర్లు దాటిన కొద్దిసేపటికే ఆ హద్దు కిందికి వస్తుంది. ఆ తరువాత గురి కుదిరినా గుండు విచ్చుకోదు. కిలోమీటరు వేట కబుర్లు చెప్పేవారు ఈ సంగతిని దాటవేస్తుంటారు.

భుజం చెప్పే మాట

అయితే ఇంకా ఎక్కువ మందున్న పెద్ద మాగ్నమ్ రైఫిలు తీసుకుంటే సరి అనిపిస్తుంది. న్యూటన్ మూడో సూత్రం ఒప్పుకోదు. గుండు, దాని వెంట వెలువడే వాయువులు ముందుకు తీసుకుపోయిన ద్రవ్యవేగమంతా తుపాకీ వెనక్కి ఇస్తుంది. మూడున్నర కిలోల రైఫిలుతో 6.5 క్రీడ్‌మోర్ పేలిస్తే అది సెకనుకు 3 మీటర్ల వేగంతో భుజాన్ని తాకుతుంది. పాయింట్ 300 మాగ్నమ్ అయితే నాలుగున్నర మీటర్ల పైన. వేగం ఒకటిన్నర రెట్లు. భుజానికి తగిలే శక్తి రెండింతలకు మించి. పది గుండ్లు పేల్చేసరికి మనిషి శరీరం ముందే భయపడటం నేర్చుకుంటుంది. గుర్రం నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోతాయి, భుజం బిగుసుకుంటుంది. గాలి లెక్కంతా సరిగా వేసినా ఆ ఉలికిపాటు దాన్ని చెడగొడుతుంది.

బోరును ఎంచుకున్నది చట్టమే

మన దేశంలో రైఫిలు బోర్లను భౌతికశాస్త్రం కంటె ఎక్కువగా ఎంచిపెట్టింది ప్రభుత్వం. సైనిక తూటాలు ప్రజల చేతికి చిక్కకూడదన్న భయంతో బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే బోర్లను పౌరులకు నిషేధించారు. 1907లో పాయింట్ 450 బోరు మీద నిషేధం వస్తే ఇంగ్లండు తుపాకీ కంపెనీలు రాత్రికి రాత్రే అన్నట్టు 465, 470 వంటి కొత్త బోర్లు పుట్టించాయి. ఏనుగుకు ఆ తేడా తెలిసి ఉండదు.

త్రీనాట్‌త్రీ కూడా నిషిద్ధ బోరే. అందుకే ఇఛాపూర్ రైఫిలు కర్మాగారం అదే లీ-ఎన్‌ఫీల్డ్ మాదిరి యంత్రాంగం మీద పౌరుల కోసం 315 బోరు రైఫిలు తయారు చేసింది. దాని తూటా వంశం వెతికితే పంతొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ దగ్గర తేలుతుంది: 15.8 గ్రాముల మొద్దుమొన గుండు, సెకనుకు సుమారు 620 మీటర్లు. మూతి దగ్గర శక్తి 3000 జౌళ్ల పైన, 6.5 కు ఇంచుమించు సమానం. కాని మూడు వందల మీటర్లకు చేరేసరికి అది ఒకటిన్నర మీటరు పడుతుంది, చిరుగాలికి 40 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. దగ్గరి గురికి పనికొచ్చే తూటా అది. ఆ రోజుల్లో షికారీలు జంతువు దగ్గరికి నక్కి వెళ్లేవారు కనుక సరిపోయింది. మొదట బయల్దేరిన శక్తి ఒక్కటే చూసి రెండూ సమానమనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ చట్టం జింకను దృష్టిలో పెట్టుకొని కనీస హద్దులు గీసింది. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం ప్రకారం బోరు 0.240 అంగుళానికి తగ్గకూడదు. మూతి వద్ద శక్తి 1700 అడుగు-పౌనులకు, అంటే సుమారు 2300 జౌళ్లకు, తగ్గకూడదు. స్కాట్లండు 1985లో ఇంకా వివరంగా గుండు బరువు కనీసం 100 గ్రెయిన్లు, అంటే 6.5 గ్రాములు, ఉండాలని చెప్పింది. 2023లో ఆ బరువును 80 గ్రెయిన్లకు తగ్గించింది. కారణం ఆసక్తికరం. సీసం గుండు జంతువులో చిట్లి కంటికి కనపడని తునకలుగా మాంసంలో కలుస్తుంది. దాన్ని తిన్న మనుషులకు, మిగిలిన కళేబరం తిన్న గద్దలకు, రాబందులకు అది విషం. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. బదులు వాడే రాగి సీసం కంటె తేలిక. అదే కొలత గుండు రాగితో పోస్తే బరువు తగ్గుతుంది. కనుక పాత బరువు హద్దు కొత్త లోహానికి అడ్డొచ్చింది.

మరి సమాధానం?

పాయింట్ 243, 6.5, పాయింట్ 270, పాయింట్ 308, థర్టీ-నాట్-సిక్స్ - మూడు వందల మీటర్ల లోపు చుక్కల జింకంత జంతువుకు వీటిలో ఏదైనా చాలు. వాటి మధ్య తేడాల మీద వేటగాళ్లు జీవితకాలం వాదులాడుకోగలరు. కాని ఆ తేడాలు ఒక చిరుగాలి తెచ్చే తేడా కంటె చిన్నవి. ఎంచుకోమంటే ఈ రచయిత ఓటు 6.5 కే: వేగం నిలుపుకుంటుంది, భుజాన్ని బాదదు. సాంబర్ అంత బరువైన జంతువుకు ఇంకొంచెం బరువు గుండు మేలు. మూడు వందలు దాటాక మాత్రం ప్రశ్న బోరుది కాదు. పేల్చేవాడు గాలిని ఎంత సరిగా చదవగలడన్నదే ప్రశ్న. అయిదు వందల మీటర్ల వద్ద ఇనుప రేకు మీద గురి చూసుకోవడం మంచి క్రీడ. రేకు తప్పితే చప్పుడు రాదు, అంతే. బతికున్న జంతువు మీద ఆ పందెం కాయడం సబబు కాదు.

తప్పిన గుండు సంగతి కూడా ఉంది. ఏటవాలుగా లేచిన రైఫిలు గుండు మూడు నుంచి అయిదు కిలోమీటర్ల దాకా పోయి పడగలదు. గోల్‌బజార్ లాంటి చోట నిలబడి ఊహించుకుంటే అది ఊరినే దాటిపోతుంది. మన పల్లెలు దగ్గరదగ్గరగా ఉంటాయి, పొలాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. గుండు వెనుక మట్టిగట్టు లేని చోట పేల్చకూడదన్న నియమం వేట పుస్తకాలన్నిటిలో మొదటి పేజీలో ఉండేది ఇందుకే.

2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో పంటలు పాడుచేస్తున్న నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాదు నుంచి షూటర్లను పిలిపించారు. కేంద్రం అంతకుముందే ఆ రాష్ట్రంలో నీల్‌గాయిని ఏడాదిపాటు హానికర జంతువుగా ప్రకటించి ఉన్నది. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా నీల్‌గాయిలు చనిపోయాయి. దీని మీద కేంద్ర మంత్రుల మధ్యనే బాహాటంగా వివాదం చెలరేగింది. నీల్‌గాయి జింక జాతి కాదు, కృష్ణజింకలాగే ఇర్రి జాతి. మగది రెండు వందల కిలోలు దాటుతుంది. అంత బరువు జంతువుకు బోరు సరిపోయిందా, ఎంత దూరం నుంచి కాల్చారు, ఎన్ని గాయపడి తప్పించుకున్నాయి అన్న ప్రశ్నలు ఆ వివాదంలో పెద్దగా వినిపించలేదు. పంట పోయిన రైతు బాధ నిజం. చంపక తప్పదని నిర్ణయించాక దాన్ని సరిగా చేయడమన్నది మాత్రం పూర్తిగా సాంకేతిక విషయం. ఆ లెక్కలు ప్రభుత్వ ఉత్తర్వులోనే ఉండాలి.

చంపని తుపాకీ

మన అడవుల్లో నేడు జంతువుల మీదికి చట్టబద్ధంగా ఎక్కువగా ఎక్కుపెట్టే తుపాకీ మత్తు సూదిది. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల జంగల్‌మహల్ అడవుల్లో పంటల మీద పడే ఏనుగుల వల్ల అక్కడివారికి ఆ మాట కొత్త కాదు. దాని బోరు సాధారణంగా 11 లేదా 13 మిల్లీమీటర్లు, రైఫిలు కంటె ఎంతో లావు. కాని ఇక్కడ సమస్య తలకిందులవుతుంది. రైఫిలు గుండుకు వేగం ఎక్కువైతే మంచిది. మత్తు సూదికి వేగం ఎక్కువైతే జంతువు ఎముక విరుగుతుంది. చుక్కల జింకకు తొడ కండరం మీదే తగలాలి. సన్నని కాళ్లు, పలుచని చర్మం గల జంతువు కనుక ఏనుగు కంటె జింకకు మత్తు ఇవ్వడమే కష్టం.

సూది సెకనుకు 60 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుంటే ముప్పై మీటర్లు పోవడానికి అర సెకను పైనే పడుతుంది. ఆ అర సెకనులో అది 1.2 మీటర్లు కిందికి పడుతుంది. రైఫిలు గుండు దాదాపు నాలుగు వందల మీటర్ల వద్ద పడినంత! వెనుక కట్టిన కుచ్చు సూదిని నిటారుగా ఉంచుతుంది గాని పక్కగాలికి తెరచాపలా పనిచేస్తుంది. కాబట్టి పశువైద్యుడు ముప్పై మీటర్ల లోపుకు నక్కుతూ వెళ్లాల్సిందే. తగిలాక కూడా జైలజీన్, కెటామిన్ వంటి మందులు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా తరిమితే జింక కండరాలు వేడెక్కి, ఆమ్లం పేరుకొని, మత్తు దిగిన తరువాత కూడా చనిపోవచ్చు. అందుకని సూది తగిలిన జింకను ఎవరూ వెంటాడరు. బృందమంతా ఉన్నచోటనే కూర్చుని, గడియారం చూసుకుంటూ, అది తనంతట తాను పడుకునే దాకా వేచి ఉంటుంది.